హెన్రీ కట్ట

దెబ్బ తగిలి వచ్చిన మనిషిని ఎలా తగిలిందో అడగడం నా ఉద్యోగంలో భాగం. అడిగినదానికి నిజం చెప్పకపోతే ఒళ్లు మండిపోవడం మాత్రం నా సొంతం. దానికి జీతం రాదు.

ఆత్మకూరులో నేను స్టాఫ్ నర్సుగా పనిచేసే ఆస్పత్రికి చుట్టుపక్కల దెబ్బలన్నీ వస్తాయి. ఇటు అనంతసాగరం, కలువాయి, అటు మర్రిపాడు, ఉదయగిరి దాకా. పాముకాట్లు, ఎద్దు పొడిచినవాళ్లు, బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టినవాళ్లు, బండ్ల మీద నుంచి పడ్డవాళ్లు. ఇంతకుముందు కట్టు కట్టి, సూది వేసి పంపేవాళ్లం. ఇప్పుడు ప్రతి దెబ్బ గురించీ అడిగి ట్యాబులో ఎక్కిస్తున్నాం. ఎక్కడ తగిలింది, అప్పుడేం చేస్తున్నారు, దేనివల్ల తగిలింది. ఒక ఊరి నుంచి ఒకే రకం దెబ్బ మళ్లీ మళ్లీ వస్తోందంటే దాని వేరు ఆ ఊళ్లోనే ఎక్కడో ఉన్నట్టు. ఆ వేరు పీకేస్తే తర్వాతి మనిషి మా దగ్గరికి రానక్కర్లేదు. ఇందులో అర్థం కాని ముక్కేమీ లేదు. అయినా మొదట్లో మావాళ్లు "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సుజనా?" అన్నారు. ఆ దురద ఉన్నదాన్ని నేనే కాబట్టి పని నా నెత్తినే పెట్టారు.

పెడితే పెట్టారు, నేను బాగానే చేశాను. కలువాయి వైపు ఒక ఊళ్లో ఒకే ఒక్క గడ్డి మిషను మనుషుల వేళ్లు తింటుంటే, వెళ్లి దాని యజమానిని నాలుగు దులిపి, మూతికి రేకు కవచం బిగించేదాకా అక్కడినుంచి కదల్లేదు. తర్వాత ఆ ఊరి నుంచి వేలు తెగిన మనిషి రాలేదు. ఆ రేకు చూసినప్పుడల్లా నాకు భలే గర్వంగా ఉంటుంది. ఎందుకు దాచుకోవాలి?

ఇక రాళ్లవాగు సంగతి.

రాళ్లవాగు ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో రోడ్డుకు అటూ ఇటూ ఉండే చిన్న ఊరు. ఒకవైపు రెడ్లు, రెండోవైపు చర్చి, దాని చుట్టూ కాలనీ. ఆ ఊరి ఆడవాళ్లకు ఉన్నట్టుండి కళ్లు తిరగడం మొదలైంది. తల వెనక చితికి ఒకామె, మోచెయ్యి విరిగి ఒకామె, తుంటి వాచి ఇంకొకామె. ఎలా పడ్డావమ్మా అంటే అందరిదీ ఒకటే మాట.

"కళ్లు తిరిగినాయి సిస్టరమ్మా."

కోడలిపిల్ల ఒకామె తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే నెల్లూరు పంపించాం. బతికింది. కానీ మళ్లీ మాట సరిగ్గా రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పుడు మా డాక్టరు హర్షగారు ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. జలదంకి అబ్బాయి, చదువు ఈమధ్యే పూర్తయినా పేషెంటంటే ప్రాణం పెడతారు. నీళ్లలో ఫ్లోరైడేమో, రక్తహీనతేమో అని రాళ్లవాగులో క్యాంపు పెట్టించారు. అందరికీ రక్తం తీశాం, బీపీలు చూశాం. ఫలితాలు వచ్చాక ఆయన తల గోక్కున్నారు.

"రక్తం తక్కువే సిస్టర్, కానీ మన దగ్గర ఏ ఊళ్లో ఎక్కువగా ఉంది? పక్క ఊళ్లకూ దీనికీ తేడా లేదు. వీళ్లకి ప్రత్యేకంగా ఏ జబ్బూ లేదు."

"జబ్బు లేకపోతే అబద్ధం ఉంటుంది సార్," అన్నాను.

"ఇంతమంది ఒకే అబద్ధం ఎందుకు చెప్తారు?"

"అదే నేను కనుక్కుంటాను."

నోరు జారి అన్నమాట కాదది. నాకు అప్పటికే ఒక లెక్క కుదిరింది. కళ్లు తిరిగినవాళ్లంతా బండి వెనక కూర్చున్నవాళ్లే. నడిచి పోతూ పడినవాళ్లు లేరు, పొయ్యి దగ్గర పడినవాళ్లు లేరు. అందులోనూ చీర కట్టుకుని పక్కకు కూర్చున్నవాళ్లే. కాళ్లు అటొకటీ ఇటొకటీ వేసుకుని కూర్చునే కాలేజీ పిల్ల ఒక్కతి కూడా లేదు. ముందు కూర్చుని బండి తోలే మొగుళ్లకు ఎన్నడూ కళ్లు తిరగవు. ఇదేం జబ్బో మరి, చీర చూసి పట్టుకుంటుందా?

ఆ వారంలోనే నాగులమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. కుడి మణికట్టు వంకర తిరిగి వాచిపోయినా నోట్లోనుంచి చిన్న మూలుగు కూడా రాలేదు. వెంట భర్త ప్రేమానందం. మేస్త్రీ. చేతులకు ఇంకా సిమెంటు అంటుకునే ఉంది.

"వందనాలమ్మా," అన్నాడు నన్ను చూసి. మా నాయన కలిగిరి బాప్టిస్టు చర్చిలో పెద్ద, ఆయన తెలుసట. "దీనికి రక్తం చాల్లేదు తల్లా. నేను బండి మెల్లిగానే తోల్తా ఉండా. వెనక నించి దబ్బున పడిపొయ్యింది."

"ఏమైందమ్మా?" అని నాగులమ్మనే అడిగాను.

"కళ్లు తిరిగినాయి."

"ఎక్కడ?"

ఆమె ఒకసారి భర్తకేసి చూసింది. "ఊరి దగ్గర."

"ఊరి దగ్గరంటే యాడ? చర్చి దగ్గరా, బస్సు ఆగే చోటా?"

"ఊరి దగ్గరే లేమ్మా. పడిన చోటుతో ఏం పని? చెయ్యి చూడు."

నాకు కోపం వచ్చింది. కానీ ఆమె కళ్లలో ఏదో ఉంది. అబద్ధం చెప్పేవాళ్లు బెదురుతారు. ఈమె బెదరలేదు, బతిమాలింది. నోరు మూసుకుని సిమెంటు కట్టుకు తయారు చేశాను. ట్యాబులో "దేనివల్ల" అన్నచోట "కళ్లు తిరిగి" అని ఎక్కించాను. ఎక్కిస్తుంటే ఒళ్లంతా కారం పూసినట్టయింది.

తర్వాతి సెలవు రోజున అంబులెన్సులో పనిచేసే ప్రశాంత్‌ని పట్టుకున్నాను. "రాళ్లవాగు పోవాలి. నీ బండి మీద. నేను వెనక పక్కకు కూర్చుంటా," అన్నాను. నా స్కూటీ మీద ఆ దారిన చాలాసార్లు పోయాను, నాకేమీ కాలేదు. అందుకే ఈసారి ఆ ఊరి ఆడదాని మాదిరిగా పోదామనుకున్నాను. చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కొంగు నడుముకు చుట్టుకుని కూర్చున్నాను. నేనేమీ గాలికి ఎగిరే మనిషిని కాదు, బండి వెనక టైరు ఆ సంగతి చెప్తుంది.

చర్చి కనిపించేదాకా బాగానే ఉంది. ప్రశాంత్ ఏదో సినిమా గురించి చెప్తున్నాడు. దబ్బుమని బండి ముందు చక్రం లేచింది. అది దిగేలోపు వెనక చక్రం లేచింది. సీటు నా కిందనుంచి వెళ్లిపోయింది. వాడి చొక్కా కాలరు దొరకబట్టి బతికాను గానీ, సంచి రోడ్డు మీద, చెప్పు కాలవలో.

బండి ఆపి వాడు మెడ రుద్దుకుంటూ అడిగాడు. "ఏం సిస్టర్, కళ్లు తిరిగినాయా?"

"నోరు ముయ్యి," అని దిగి వెనక్కి నడిచాను.

స్పీడు బ్రేకరు అది. ప్రభుత్వం వేసింది కాదు. మూరెడు వెడల్పు, మోకాటిలో సగం ఎత్తు. గోడ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడుకున్నట్టు ఉంది. తెల్ల గీత లేదు, ముందు బోర్డు లేదు, తారు రంగులో కలిసిపోయింది. తోలేవాడికి హ్యాండిలు చేతిలో ఉంటుంది, తమాయించుకుంటాడు. వెనక పక్కకు కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏముంది? స్కూటీ మీద పోయినప్పుడు ఇది నాకెందుకు పెద్ద సంగతి అనిపించలేదో అప్పుడు అర్థమైంది.

ఎదురుగా టీ బంకు. నడిపే అతని పేరు కేశవ. నా చెప్పు కాలవలోనుంచి తీసి ఇచ్చాడు.

"ఎవరు కట్టారయ్యా ఇది?"

"అది హెన్రీ కట్టమ్మా," అన్నాడు, ఆ మాటతో అంతా చెప్పినట్టు.

నేను కదలకపోయేసరికి మిగతాది చెప్పాడు. హెన్రీ ప్రేమానందం, నాగులమ్మల ఒక్కగానొక్క కొడుకు. పదో తరగతి. స్కూలు నుంచి వచ్చి బస్సు దిగి రోడ్డు దాటుతుంటే గ్రావెలు టిప్పరు కొట్టేసింది. వాణ్ణి పూడ్చి వచ్చిన సాయంత్రమే కాలనీలో మగవాళ్లంతా కలిసి రాళ్లూ మట్టీ పోసి అడ్డకట్ట వేశారు. తర్వాత ఇంటికో తట్ట సిమెంటు తెచ్చారు. ప్రేమానందం తన చేత్తో తాపీ పట్టి నున్నగా తీర్చాడు. రోడ్లవాళ్లు పీకడానికి వస్తే దాని మీద అడ్డంగా పడుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయారు.

"ఒక మాట చెప్పాలమ్మా. ఆ కట్ట పడినాక ఒక్క పిల్లకాయకి కూడా ఏం కాలా. టిప్పర్లు ఈడకొస్తే పిల్లుల మాదిరి పోతాయి."

అదీ నిజమే. నేను ఉన్నంతసేపట్లోనే ఒక టిప్పరు వచ్చింది. కట్ట దగ్గర ఆగినంత పనిచేసి మూలుగుతూ దాటింది. బస్సు కండక్టరు "హెన్రీ కట్ట, హెన్రీ కట్ట, దిగాల్సినోళ్లు రండి" అని అరిచాడు. చచ్చిపోయిన పిల్లాడి పేరు రోజూ ఇంతమంది నోళ్లలో. ఆ కన్నతల్లి ఇంట్లోకి ఆ కేక వినపడుతూనే ఉంటుంది.

అప్పుడు నాకు ఆడవాళ్ల అబద్ధం అర్థమైంది. మీ అబ్బాయి కట్ట నన్ను పడేసిందని నాగులమ్మ మొహాన ఎవరంటారు? కట్ట మీద నిందపడితే పీకేస్తారు, పీకితే ఆ తల్లి ఏమైపోతుంది? ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ కళ్లు తిరిగాయనేశారు. కట్ట ఎక్కి దిగే అదురులో తోలే మొగుడికి వెనక ఏం జరిగిందో తెలియదు, పెళ్లాం ఏం చెప్తే అదే నమ్మాడు. మంచితనం కొద్దీ తలలు పగలగొట్టుకుంటున్నారు. ఇంత మంచితనం ఇంకే ఊళ్లో ఉంటుంది, ఇంత తెలివితక్కువతనం కూడా! నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

ప్రేమానందం ఇంటికి వెళ్లాను. నాగులమ్మ ఎడమ చేత్తో చింతపండు పిసుకుతోంది, పొయ్యి మీద మేక కార్జం ఉడుకుతోంది. గోడమీద నిక్కరు వేసుకున్న హెన్రీ ఫోటో, కొంచెం పెద్ద చెవులు.

"రక్తం పడతాదని వారం వారం కార్జం తెస్తా ఉండా," అన్నాడు ప్రేమానందం. "ఖర్జూరాలు గూడా. బలం రావాల గదమ్మా."

"మేస్త్రీ, కట్ట గురించి మాట్లాడాలి," అన్నాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు. "ఎత్తు ఎక్కువైంది. వెడల్పు చాల్లేదు. బండి వెనక కూర్చున్న ఆడవాళ్లని విసిరేస్తోంది."

ఆయన ముఖం గోడ కట్టినట్టు మూసుకుపోయింది. "ఎవురు చెప్పినారు?"

ఇక్కడ నా నాలుక కట్టేసినట్టయింది. పేషెంటు నాతో చెప్పినా చెప్పకపోయినా, ఆమె దెబ్బ ఆమెది. భర్త ముందైనా సరే, నేను బయటపెట్టే వస్తువు కాదు. "నేను పడబోయాను, అది చాలదా?" అన్నాను.

"నీకు అలవాటు ల్యాక. మా ఊరోళ్లు ఒక్కరన్నా పడినారా? ఇది చూడు, దీనికి కళ్లు తిరిగినాయి. అందరికీ కళ్లే తిరిగినాయి. కట్ట మీద ఒక్కరు మాట అన్న్యారా?"

నాగులమ్మ పిసకడం ఆపింది. తల మాత్రం ఎత్తలేదు.

ఆ సమయానికే గుమ్మం ముందు కారు ఆగింది. మాజీ సర్పంచి రామనారాయణ రెడ్డిగారు. నేను ఊళ్లోకి వచ్చిన సంగతి ఆయనకు అప్పుడే చేరింది.

"ఏమ్మా సిస్టరూ, ఆ కట్ట పీకించను వచ్చినావంట గదా. శానా మంచి పని. నా కారు అడుగు ఎన్నిసార్లు గీసుకున్నిందో. నువ్వొక కాగితం ఇయ్యి, రేపు పొద్దన్నే జేసీబీ పెట్టించి లేపేస్తా."

ప్రేమానందం నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఓహో, ఇందుకా వచ్చావు అన్నట్టు. మంచి మాటకు చెడ్డ తోడు దొరికితే ఇలాగే ఉంటుంది.

"రెడ్డిగారూ, మనుషుల దెబ్బలు చూసేదాన్ని నేను. కార్ల దెబ్బలు మెకానిక్కుకు చెప్పుకోండి," అన్నాను. "కాగితం ఇవ్వను. మీ జేసీబీ ఈ రోడ్డు మీదికి వచ్చిందంటే ఈసారి దాని ముందు పడుకునేది మేస్త్రీ కాదు, నేను. నన్ను ఎత్తి పక్కన పెట్టడానికి ఇంకో జేసీబీ కావాలి."

ఆయన పెద్దమనిషే, నవ్వేశాడు. "నీ నోరు మంచిది కాదు మే," అని కారెక్కాడు. ప్రేమానందం మాత్రం నవ్వలేదు.

"నువ్వు మంచిదానివే తల్లా. మీ నాయన మొహం చూసి చెప్తా ఉండా, కట్ట జోలికి రావద్దు. వాడికి మిగిలిందల్లా అదే."

గుమ్మం దిగుతుంటే నాగులమ్మ నా వెనకే నాలుగడుగులు వచ్చింది. "అమ్మా, ఆదివారం నేను మీ చర్చికి వస్తాను," అన్నాను. "ఆరాధన అయ్యాక కట్ట దగ్గర అందరితో మాట్లాడతాను. ఎవరి పేరూ చెప్పను. ఎవరికి వాళ్లు చెప్తేనే." ఆమె తలూపిందో లేదో నాకు తెలియలేదు.

నాకైతే అనుమానమేమీ లేదు. ఆ కట్ట ఎవరో ఒకరి తల మళ్లీ పగలగొడుతుంది. ఈసారి నెల్లూరు పంపినా దక్కకపోవచ్చు. అలాగని లేపేస్తే టిప్పర్లు మళ్లీ రెచ్చిపోతాయి. సరైన కట్ట ఎలా ఉండాలో కనుక్కుందామని రోడ్ల శాఖలో ఇంజనీరు రాధికగారి దగ్గరికి వెళ్లాను. ఆమె కాగితం మీద గీసి చూపించారు. చాప పరిచినట్టు వెడల్పుగా, అరచెయ్యి నిలబెట్టినంత ఎత్తు. లారీ నెమ్మదించక తప్పదు, వెనక కూర్చున్న మనిషి మాత్రం సీటు మీదనే ఉంటుంది. ముందు బోర్డు, పైన తెల్ల గీతలు. "ఊరివాళ్లు ఒప్పుకుంటే వెంటనే ఎస్టిమేటు వేస్తాను. వాళ్లని మీరు ఒప్పించగలరా?" అన్నారు. ఒప్పిస్తానన్నాను.

ఆదివారం ఆరాధన అయింది. అందరూ తెల్లబట్టల్లో, బైబిళ్లు చంకన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చారు. నేను కట్ట పక్కన నిలబడ్డాను. ప్రేమానందం నాకెదురుగా, కట్టకు అటువైపు.

నేను చెప్పాల్సింది చెప్పాను. మా ఆస్పత్రికి వచ్చే దెబ్బల్లో రాళ్లవాగు ఆడవాళ్లవి వేరే రకంగా ఉన్నాయన్నాను. క్యాంపులో ఏ జబ్బూ కనబడలేదన్నాను. ఈ కట్ట పిల్లల్ని కాపాడుతోంది, ఆ మాట మొదట నేనే ఒప్పుకుంటాను, కానీ తల్లుల్ని పడేస్తోంది అన్నాను.

ప్రేమానందం చెయ్యెత్తాడు.

"ఈ కట్ట మీద పడినోళ్లు ఎవురన్నా ఉంటే ముందరికి రండి. నా మొహం చూసి చెప్పండి. ఒక్కరు చెప్పినా సరే, నేనే గునపం తెచ్చి పగలగొడతా."

ఒక్కరూ కదల్లేదు. తుంటి వాచిన అవ్వ కర్ర మీద వాలి నేల చూస్తోంది. నెల్లూరు వెళ్లి వచ్చిన కోడలిపిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల ఒక్కొక్కరి దెబ్బా నాకు తెలుసు, కుట్లు కూడా నేనే విప్పాను. ఒక్క మాట నేను అనేస్తే అయిపోయేది. అనలేదు. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది ఎప్పుడూ లేదు.

"చూసినావా సిస్టరమ్మా?" అన్నాడు ప్రేమానందం.

"నేను పడినా."

గుంపు వెనకనుంచి వచ్చింది ఆ మాట. నాగులమ్మ కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని ముందుకు వచ్చింది. కట్ట ఎక్కి భర్త పక్కన కాదు, ఆయనకెదురుగా నిలబడింది.

"నాకు కళ్లు తిరగలా. కట్ట ఎగరేసింది. నీ బండి మీదనే, నువ్వు మెల్లిగా తోల్తా ఉండంగనే. పడతా పడతా గూడా, అయ్యో, బిడ్డ పేరు చెప్పగూడదే అనుకున్న్యా."

ప్రేమానందం ఆమె చేతి కట్టుకేసి, కాళ్ల కింది కట్టకేసి చూశాడు. ఆయన అడిగిన మాట ఇది.

"మరి కార్జం ఎందుకు తిన్న్యావే?"

"నువ్వు తెచ్చినావు గదా అని."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో కట్టుకున్న మూట విడిపోయింది. అవ్వ కర్ర నేలకేసి కొట్టి, "నేనూ పడినా నాయనా, నాగులమ్మ మొహం చూసి ఎట్టా చెప్పేది?" అంది. కోడలిపిల్ల మాట ఇంకా కొంచెం తడబడుతూనే తనూ చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు. వాళ్ల వెనక మొగుళ్లు తెల్లబోయి నిలబడ్డారు. ఒకాయనైతే "నీకు టానిక్కులు తెచ్చి తెచ్చి చచ్చినా గదే" అని లబలబలాడాడు. నాగులమ్మ ప్రతి ఒక్కరినీ చూస్తూ ఉంది. ఇంతమంది తనకోసం నోళ్లు కట్టుకున్నారని ఆమెకూ అప్పుడే తెలిసింది. వలవలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ప్రేమానందం కట్ట మీదే కూర్చుండిపోయాడు. అరచేత్తో ఆ సిమెంటును నిమురుతూ అన్నాడు.

"ఇంతమందిని కొట్టినాడా వీడు?"

"వాడు కొట్టలా," అంది నాగులమ్మ. "మనం ఏడుపులో కట్టినాం. కొలత చూసుకోలా."

"తీసేస్తే టిప్పర్లు మళ్లా వస్తాయి గదే. ఇంకొకరి బిడ్డ పోతే?"

అప్పుడు నేను కూర్చున్నాను ఆయన పక్కన. "తీసెయ్యమని ఎవరన్నారు మేస్త్రీ? సరిగ్గా కట్టమంటున్నా," అని రాధికగారు గీసిన కాగితం ఆయన మోకాలి మీద పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పనివాడి చూపు అది. కొంతసేపటికి "వాలు ఈడ నుంచి ఎత్తుకోవాల," అని వేలుపెట్టి చూపించాడు. నాకు గెలిచినంత సంతోషమైంది.

ఆ తర్వాతి పని నాకు కొత్తేమీ కాదు. ఆఫీసుల చుట్టూ తిరగడం, ఫోన్లు చెయ్యడం, జలగలా పట్టుకోవడం. హర్షగారు దెబ్బల లెక్కంతా పేర్లు లేకుండా తీసి జిల్లా ఆఫీసుకు పంపారు. రాధికగారు అన్నమాట నిలబెట్టుకున్నారు. రామనారాయణ రెడ్డిగారు జేసీబీ పంపుతానని మళ్లీ కబురు పెడితే వద్దన్నాం, కంకర మాత్రం తీసుకున్నాం. కట్ట మీద మొదటి గునపం దెబ్బ ప్రేమానందమే వేశాడు. కొత్తది గట్టిపడేదాకా బస్సు వచ్చే వేళకల్లా ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాడు. ఆయన్ని దాటి ఏ టిప్పరూ వేగంగా పోలేదు.

కొత్త కట్ట మీద తెల్లగీతలు ఆరాక మొదట దాటింది ఆయన బండే. వెనక నాగులమ్మ, పక్కకు కూర్చుని. దాటి, మళ్లీ తిప్పుకుని వచ్చి దాటారు. "ఇంకొకసారి పోనీ," అంటోంది ఆమె. కేశవ టీ బంకు దగ్గర నిలబడి ఊరంతా నవ్వుతూ చూసింది. అప్పుడే వచ్చిన బస్సులో కండక్టరు ఎప్పటిలాగే "హెన్రీ కట్ట" అని అరిచాడు. ఆ పేరు ఎవరూ మార్చలేదు.

రాళ్లవాగు నుంచి కళ్లు తిరిగిన మనిషి ఆ తర్వాత మా దగ్గరికి రాలేదు. నాగులమ్మ మాత్రం వచ్చింది. కట్టు విప్పాక వేళ్లు బిగుసుకున్నాయంటే రబ్బరు బంతి పిసకమని నేర్పించాను. పని అయ్యాక కూడా లేవకుండా కూర్చుంది.

"ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా గదమ్మా. ఇప్పుడు దిద్దచ్చా?"

"దిద్దొచ్చమ్మా," అని ట్యాబు తీశాను. "ఎక్కడ పడ్డారు?"

"హెన్రీ కట్ట కాడ."

"దేనివల్ల?"

"కట్ట ఎత్తు ఎక్కువై." ఆ మాట గట్టిగా, గడప మీద నిలబడి ఊరికి చెప్పినట్టు చెప్పింది. నేను ఎక్కించేదాకా ఆగి, కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది.

"మా హెన్రీ చెప్తే వినే బిడ్డమ్మా. కొట్టొద్దు నాయనా అని ఇన్నాళ్లూ మేమే వాడికి చెప్పలా."